పదకొండో మెట్టు మీద యాపిల్ చెట్టు

తెర కట్టిన 61వ సంవత్సరం, మార్గశిరం 12
పెట్టె చూపినది: ఏడు డిగ్రీలు

పొద్దున్నే కొబ్బరి మొక్కలకు గోనెసంచులు తొడిగాను. మూడువందల మొక్కలు, మూడువందల సంచులు. నూట పద్దెనిమిది మొక్కలు అప్పటికే నల్లబడి ఉన్నాయి. వాటికీ తొడిగాను. తనిఖీకి వచ్చేవాళ్ళు సంచులు చూస్తారు గాని విప్పి మొక్కను చూడరు. తర్వాత తొట్టిలో నీళ్ళు గడ్డకట్టి ఉంటే గునపంతో పగలగొట్టి గేదెలకు పెట్టాను. ఆ గునపం పక్కన పెట్టి, పెట్టె దగ్గరకు పోయి, ఏడు డిగ్రీల వెచ్చదనం అని రాసుకున్నాను.

ఈ దినచర్య పరాయి ఊరివాళ్ళ చేతిలో పడితే తెలియాలి గనక చెబుతున్నాను. మాది గుమ్మకోన. తూర్పు కొండల మీద నూట ఇరవై గడపల ఊరు. ఊరి మొగదల రాయి మీద 'పదకొండో చలిమెట్టు' అని చెక్కి ఉంది. మెట్లు మొత్తం పదమూడు. ఒకటో మెట్టులో చలి తప్ప ఏమీ ఉండదు. పదమూడో మెట్టులో చలి తప్ప అన్నీ ఉంటాయి. ఊరికి ఏ మెట్టు రాస్తే ఆ మెట్టు మొక్కలే నాటాలి. పదకొండుకు కొబ్బరి, అరటి, పనస. ఎనిమిదికి యాపిల్, బంగాళాదుంప. ఆకాశానికి తెర కట్టి ఎండను పలచన చేసిన ఏడాదే, కింద మైదానంలోని మెట్ల కార్యాలయం వారు కూర్చున్న చోటినుంచి లేవకుండా అన్ని ఊళ్ళకూ మెట్లు రాసేశారు. తెర చలి దిగింది ఆ మరుసటి సంవత్సరం. రాసింది మాత్రం రాసినట్టే ఉంది.

పదకొండు అన్నది మా వాళ్ళు ఊరి పేరు కన్నా ముందు చెప్పుకునే మాట. ఎనిమిదో మెట్టు వాడు పిల్లనడగడానికి వస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వరు. 'దుంప మొహం' అని నవ్వుతారు. నవ్వినవాడు ఆ పూట తిన్నది దుంపకూరే. దొడ్లో గడ్డివాము వెనకాల పండించింది.

నేను నూకరాజును. బోధకుణ్ణి. నాకు పట్టా లేదు. విత్తనాల పొట్లాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. చేతిలో ఏ మెట్టుకు ఏ మొక్కో చెప్పే విత్తుల గ్రంథం, కాళ్ళ కింద బోర్లించిన పేడగంప, ఈ రెండూ ఉంటే నాకు వేరే పీఠం అక్కరలేదు.

ఈ రోజు కుంపటి సేవ మొదలైంది. మా ఊళ్ళోని మెట్ల కార్యాలయపు శాఖ వాకిట్లో నాలుగు కాళ్ళ మీద తెల్లటి చెక్కపెట్టె ఉంది. దానిలో పాదరసపు గొట్టం. ఆ పెట్టె కింద మాఘం చివరిదాకా రోజుకో ఇంటివాళ్ళు కుంపటి పెడతారు. ఇది ఎక్కడినుంచో వచ్చిన ఆచారం కాదు. ఇరవై రెండేళ్ళ కిందట, మెట్టు తగ్గిపోతుందేమోనని ఊరంతా ఏడుస్తుంటే, నేనే గంప ఎక్కి అరిచాను: "ఊరి చలినంతా ఒంటరిగా మోస్తున్న ఆ పాదరసం మీద మీకు జాలి లేదా?" నా కుంపటి నేనే పెట్టాను. మెట్టు నిలబడింది. ఆ తర్వాత సేవ నిలబడింది.

ఇంటికొక పండు తెచ్చి పెట్టె ముందు పెట్టమని కూడా ఈ ఏడు నేనే బోధించాను. అందరూ కిందనుంచి తెప్పించిన అరటిపళ్ళు పెట్టారు. అసిరమ్మప్ప మాత్రం సొంత దొడ్లోవి ఒక బుట్టెడు యాపిల్ పళ్ళు పెట్టింది.

మార్గశిరం 14
పెట్టె చూపినది: ఎనిమిది

పాపం నాది. ముందే రాసేస్తున్నాను.

మెట్ల అధికారి త్రినాథరావు గారు ఈ రోజు బండి మీద వచ్చారు. బుట్ట చూశారు. ఒక పండు తీసి పంచెకు తుడుచుకుని కొరికారు. ఆ చప్పుడు చెరువు గట్టు దాకా వినిపించి ఉంటుంది.

"ఇదేమిటి?"

"యాపిల్ బావుగారూ," అంది అసిరమ్మప్ప. "మా దొడ్లోది."

"పదకొండో మెట్టులో యాపిల్ కాయదు," అన్నారాయన, రెండో వైపు కొరుకుతూ. "ఎక్కడ కొన్నావు?"

"కొనడమేటి? కాసినాది. వచ్చి సూడండి."

పశువుల పాక వెనకాల పల్లంలో ఉంది ఆ చెట్టు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట అసిరమ్మప్ప పెనిమిటి ఉత్తరదేశంలో తెర తాళ్ళు బిగించే పనికి పోయి, వస్తూ తడిగుడ్డలో చుట్టి ఒక పుల్ల తెచ్చాడు. అది ఈ చెట్టు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆ కాపును ఆమె ఎండు ముక్కలు చేసి, ఇంటింటికీ ఇచ్చి, బదులుగా చోడిపిండి, చిక్కుడు గింజలు తెచ్చుకుంటుంది. చలికాలమంతా ఆమె పొయ్యి వెలిగేది ఆ చెట్టు వల్లనే.

అధికారి గారు చెట్టు కింద నిలబడి పైకి చూశారు. తలమీద ఎండుటాకు ఒకటి పడింది. తీసి పారేశారు.

"ఇది యాపిల్ కాదు."

"మరేటి బావూ?"

"ఏదైనా కావచ్చు. యాపిల్ మాత్రం కాదు. యాపిల్ అయితే ఇక్కడ బతికి ఉండకూడదు."

"యాపిల్ గాకపోతే మంచిదే గదా. ఉండనీండి."

ఆయన కాసేపు ఆలోచించారు. ఆలోచించి కాగితం మీద రాశారు: 'మెట్టుకు విరుద్ధముగా బతికియున్న చెట్టు. పుష్యం 7న తనిఖీ సమయమున కొట్టివేయవలెను.' బుట్టలో మిగిలిన పళ్ళు సాక్ష్యం కోసమని బండిలో పెట్టించుకున్నారు. బండి మలుపు తిరిగేలోపు రెండు సాక్ష్యాలు తొక్కలై రోడ్డు మీద పడ్డాయి.

అసిరమ్మప్ప నా వంక తిరిగింది. "పండు పెట్టమన్నది నువ్వే గదా తమ్ముడూ?"

"నేనే అప్పా."

"సరే. అయితే ఆపేదీ నువ్వే."

అంతే అంది. అరవలేదు, ఏడవలేదు. అరిచినా బాగుండేది.

మార్గశిరం 19
పెట్టె చూపినది: ఏడు

ఐదు రోజులుగా గ్రంథం తిరగేస్తున్నాను. చెట్టును కాపాడే వాక్యం ఒక్కటి దొరికితే చాలు. పెద్దక్షరాలన్నీ నాకు కంఠతా వచ్చు. "ప్రతి మొక్కకును ఒక మెట్టు కలదు; మెట్టు తప్పి నాటినవాడు ఎండు పుల్లలను కోసికొనును." ఈ వాక్యం మీద నేను ఎన్ని వందల బోధలు చేశానో! ఎన్ని దొడ్లలో బంగాళాదుంపలు పీకించానో!

అయితే గ్రంథంలో ప్రతి పుట అడుగునా చీమల బారులాంటి సన్నక్షరాలు ఉన్నాయి. నా కళ్ళకు అవి ఎన్నడూ ఆనలేదు. అలంకారమనుకున్నాను. ఇవాళ కార్యాలయంలో పాదరసం చదివే గవరయ్య దగ్గరికి వెళ్ళి, ఆయన గీతలు చూసుకునే భూతద్దం అడిగాను.

"దేనికి?"

"చిన్నక్షరాలకు."

"పెద్దక్షరాలు అయిపోనాయేటి?" అన్నాడు. కానీ ఇచ్చాడు. గవరయ్య మంచివాడు. ఇరవై రెండేళ్ళుగా మధ్యాహ్నం భోంచేసి వచ్చి పాదరసం చదివి, అది తెల్లవారుజాము లెక్క అని దస్త్రంలో ఎక్కిస్తున్నాడు. అలా చేయమన్నది పైవాళ్ళు. పైవాళ్ళు కూడా భోంచేశాకే పనిలోకి వస్తారు.

ఇదిగో, భూతద్దం కింద నాకు కనిపించిన వాక్యాలు.

"మెట్టనునది వేసవిని గూర్చి చెప్పదు, వానను గూర్చి చెప్పదు, మన్నును గూర్చి చెప్పదు. శీతకాలములో మిక్కిలి చల్లనైన వేకువ ఎంత చల్లనైనదో అది మాత్రమే చెప్పును."

"ముప్పది సంవత్సరముల మిక్కిలి చల్లని వేకువలను వరుసగా వ్రాసి, సగటు కట్టి, మెట్టు నిర్ణయింపవలెను. కాలము మారిన యెడల మరల కొలువవలెను."

"కొలిచెడు పెట్టె గోడకు దూరముగాను, పొయ్యికి దూరముగాను ఉండవలెను."

పొయ్యికి దూరముగాను! నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఇరవై రెండు చలికాలాలు ఆ పెట్టె కింద కుంపటి పెట్టించినవాణ్ణి నేను. గ్రంథం చేతిలో పట్టుకుని మరీ పెట్టించాను. ఆరువేలకు పైగా కొబ్బరి మొక్కల్ని మంచులో నిలబెట్టి, అవి నల్లబడితే "మీకు విశ్వాసం చాలలేదు" అని మా జనాన్నే తిట్టాను. మొక్కకు విశ్వాసం ఉండదు. దానికి చలి ఉంటుంది.

ఇంకొక వాక్యం ఉంది, అన్నిటికంటె సన్నని అక్షరాల్లో: "కొలత చెడిన చోట బ్రతికియున్న దానిని అడుగుము. ఎన్ని శీతములు చూచినదో అదియే చెప్పును."

ముప్పై ఒక్క శీతాలు చూసిన చెట్టు మా ఊళ్ళో ఒకటే ఉంది. దాన్ని కొట్టడానికి పద్దెనిమిది రోజులే గడువుంది.

మార్గశిరం 21
పెట్టె చూపినది: ఎనిమిది

గంప ఎక్కాను. గొంతు పోయింది. మోకాలు కూడా.

"వినండి!" అన్నాను. "మనం పదకొండు కాదు! ఎనిమిది! అరవై ఏళ్ళుగా ఎనిమిదే! చెంబులో నీళ్ళు రాయిలా అయితే దాన్ని పదకొండంటారా? కొబ్బరిని మంచులో పాతేవాడు శవాన్ని పాతుతున్నాడు! మొదటి కుంపటి పెట్టినవాణ్ణి నేనే, నన్ను కొట్టండి, కాని రేపటినుంచి కుంపటి తీసెయ్యండి!"

కొట్టలేదు. అంతకంటె పెద్ద శిక్ష వేశారు. నవ్వారు.

"బోధకుడికి జలుబు సేసినాది, ఊరికి అంటగడతన్నాడు," అంది ఒక ముసలామె.

గవరయ్య నవ్వలేదు. ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నూకరాజూ, మాఘంలో మా చిన్నదాని పెళ్ళి. మగపెళ్ళివారు పదకొండోళ్ళు. ఎనిమిదని తెలిస్తే పందిట్లోంచి లేచిపోతారు. నువ్వు నా పందిరి మీదకి గునపం తెచ్చినావు."

"నీ పెరట్లో ఏం పండించావు గవరయ్యా, నిజం చెప్పు."

"అది ఏరే సంగతి."

"బంగాళాదుంపలు."

"నాను వాటిని దుంపలనే అంటాను, బంగాళా అనను," అన్నాడు గవరయ్య. జనం చప్పట్లు కొట్టారు. నేను గంప దిగిపోయాను.

అసిరమ్మప్ప చివర్లో నిలబడి ఉంది. "మాటలు బాగానే ఉన్నాయి తమ్ముడూ," అంది. "సెట్టుకు మాటలు అక్కర్లేదు. పుష్యం ఏడున దాని ముందు ఎవరు నిలబడతారో అది సెప్పు."

"నేను."

"ఒక్కడివే?"

గంప చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాను.

పుష్యం 1
పెట్టె చూపినది: తొమ్మిది (ఈ రోజు కుంపటి పెట్టినవాళ్ళు పెద్ద ఆసాములు)

ఊరంతా తనిఖీ ఏర్పాట్లలో ఉంది. రెండు లారీల కొబ్బరి మట్టలు మైదానం నుంచి వచ్చాయి. వెదురు గడలకు వాటిని నాలుగేసి కట్టి, కొబ్బరి వనంలో వరుసగా పాతుతున్నారు. దూరం నుంచి చూస్తే నిజంగా వనమే. ఒక గడకు మట్టలు తలకిందులుగా కట్టారు. సరిచేయబోతే "పైనుంచి సూసేవోళ్ళు ఎవరూ లేరులే" అన్నారు. మూడేళ్ళ కిందట గాలికి ఒక చెట్టు వంగి అధికారి గారి బండి మీద పడింది. వంగిన చెట్టు కింద ఆయన ఒక బొండం తాగి, గుమ్మకోన నీళ్ళ తీపి వేరని మెచ్చుకుని వెళ్ళారు. బొండం కూడా లారీలోదే.

ఈ పనిలో నన్ను పిలవలేదు. ప్రతి ఏడూ మొదటి గడకు దీవెన చెప్పేది నేనే.

సాయంత్రం అసిరమ్మప్ప ఇంటికి పోయాను. ఆమె చెట్టు మొదట్లో పెంటపోగు వేస్తోంది.

"ఆరు రోజుల్లో పోయే చెట్టుకు ఎరువెందుకప్పా?"

"పోద్దని దానికి ఎవరు సెప్పినారు?" అంది, పార ఆపకుండా.

పుష్యం 6
పెట్టె చూపినది: సున్నాకు కింద ఎనిమిది

మళ్ళీ చదువుకోండి. సున్నాకు కింద ఎనిమిది.

తూర్పు తెల్లబడక ముందే పోయి పెట్టె పక్కన గంప వేసుకుని కూర్చున్నాను. రెండు దుప్పట్లు, ఒక గ్రంథం. సేవకు వచ్చేవాణ్ణి అడ్డుకుంటానని ప్రమాణం చేసుకున్నాను. కాళ్ళు తెలియడం మానేశాయి. కొంతసేపటికి నిప్పుల వెలుగు ఒకటి వీధి చివరినుంచి వస్తూ కనిపించింది. ఈ రోజు వంతు ఎవరిదా అని చూస్తే గవరయ్యది.

"లెగు," అన్నాడు.

"లేవను."

"పెట్టె కింద పెట్టి పోతాను. రేపు తనిఖీ."

"నా మీంచి పెట్టు."

ఆయన నిలబడ్డాడు. కుంపటి రెండు చేతులతో పట్టుకుని, పెట్టె వంకా నా కాళ్ళ వంకా చూశాడు. "నీ పెదాలు నీలంగా ఉన్నాయి, తెలుసా?"

"పదకొండో మెట్టులో పెదాలు నీలంగా ఉండవు. నువ్వు తప్పు చూస్తున్నావు."

దానికి ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక నవ్వాడు. నవ్వుతూనే వంగి ఆ కుంపటిని పెట్టె కింద కాకుండా నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఇద్దరం కూర్చున్నాం. సూర్యుడు తెర వెనకాల పాలిపోయిన పళ్ళెంలా లేచే వేళకు లేచి, పెట్టె తలుపు తీసి, భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కింద ఎనిమిది," అన్నాడు. "ఇరవై రెండేళ్ళు దీన్ని సదివినాను నూకరాజూ. ఇది కిందకి కూడా దిగుద్దని నాకు తెలీదు."

"రాస్తావా?"

"మా చిన్నదాని పెళ్ళి..." అన్నాడు. తర్వాత కలం తీశాడు. వేళ్ళు కొంకర్లు పోయి అక్షరం వంకరగా వచ్చింది. కాని రాశాడు.

పుష్యం 7
పెట్టె చూపినది: సున్నాకు కింద ఏడు

జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను నేను మెచ్చుకోవడానికి ఇందులో ఏమీ లేదు.

అధికారి గారు వచ్చారు. బండివాడి చేతిలో గొడ్డలి. ముందు కొబ్బరి వనం దూరం నుంచి చూసి, "ఏపుగా ఉంది" అన్నారు. తర్వాత దస్త్రం తెరిచి నిన్నటి అంకె చూశారు. మొహం ఎర్రబడింది.

"గవరయ్యా, ఇదేమిటి? కొలత పాడైందా?"

"కొలత బాగుంది బావుగారూ. కుంపటి లేదు."

"కుంపటి లేకపోతే చల్లగా ఉండదూ?" అన్నారాయన. తను ఏమన్నాడో ఆయనకే వినపడినట్టు లేదు.

నేను గ్రంథం తెరిచాను. చిన్నక్షరాలు గట్టిగా చదివాను, ఊరంతా వినేలా. మిక్కిలి చల్లనైన వేకువ. పొయ్యికి దూరముగా. మరల కొలువవలెను. బతికియున్న దానిని అడుగుము.

అధికారి గారు శ్రద్ధగా విన్నారు. అదే భయం కలిగించింది. తెలివితక్కువ వాడైతే తిట్టేవాడు. "నూకరాజు గారూ," అన్నారు, మొదటిసారి గారు పెట్టి. "గ్రంథం సరే. ఒక్కరోజు అంకెతో మెట్టు మారదు. ముప్పై ఏళ్ళ వేకువలు కావాలని మీ గ్రంథమే చెబుతోంది. మీ దగ్గర ముప్పై ఏళ్ళ వేకువలు ఉన్నాయా?"

లేవు. ఉన్న ఇరవై రెండింటినీ నేనే కాల్చేశాను. ఆ ముందువి పైవాళ్ళు భోజనం చేశాక రాసినవి.

"ఈ చెట్టు ఉంది," అన్నాను. "ముప్పై ఒక్క చలికాలాలు చూసింది."

"చెట్టు సాక్ష్యం చెల్లాలంటే చెట్టు దస్త్రంలో ఉండాలి. దస్త్రంలో ఉండాలంటే మెట్టుకు తగిన చెట్టయి ఉండాలి." బండివాడికి సైగ చేశారు. "కానీయ్."

నేను పోయి చెట్టు ముందు నిలబడ్డాను. బోధకుడికి అదే చివరి బోధ. ఒక నిమిషం తర్వాత నా పక్కన ఇంకొకరు నిలబడ్డారు. చూస్తే గవరయ్య. బండివాడు గొడ్డలి దించి అధికారి వంక చూశాడు.

అప్పుడు అసిరమ్మప్ప వచ్చింది. మా ఇద్దరినీ దాటుకుని నేరుగా అధికారి దగ్గరకు పోయింది. ఆయన చేతిలో దస్త్రం తెరిచే ఉంది. వేలు పెట్టి చూపించింది.

"ఈ గడి ఖాళీగా ఉందేటి బావూ?"

ఆయన చూశారు. 'కొబ్బరి: నాటినవి 18,300. బతికినవి:' అక్కడ ఏమీ లేదు. అరవై ఏళ్ళుగా ఆ గడిలో 'ఎదుగుదలలో ఉన్నవి' అని రాస్తున్నారు. ఈ ఏడు పైనుంచి అంకె కావాలని పట్టుబట్టారట. ఆ సంగతి ఆయనే తర్వాత చెప్పారు.

"మీకొక కొబ్బరి సెట్టు కావాల," అంది అసిరమ్మప్ప. "నాకీ సెట్టు కావాల. దీన్నే కొబ్బరని రాసీండి."

ఒక పండు ఎండుటాకుల మీద పడింది.

"గుండ్రంగానే ఉంది," అన్నాడు గవరయ్య, మెల్లగా.

"పొట్టి రకం," అన్నారు అధికారి గారు. కలం తీశారు. "ఎర్ర రకం."

రాశారు. 'బతికినవి: 1.' ఆ కాగితానికి ఊరి బోధకుడి సంతకం సాక్షిగా కావాలి. నా ముందు పెట్టారు.

నేను మండిపోయాను. "నేను పెట్టను!" అన్నాను. "యాపిల్ని కొబ్బరనడానికా నేను కళ్ళు పోగొట్టుకుని చిన్నక్షరాలు చదివింది? అబద్ధం మీద నిలబడిన చెట్టుకంటే నిజం మీద పడిన చెట్టు..."

"తమ్ముడూ." అసిరమ్మప్ప గొంతు పెంచలేదు. "ఇరవై రెండేళ్ళు అబద్ధానికి నిప్పు మోసినావు. ఇవాళ ఒక్క సంతకం బరువైపోనాదేటి? నువ్వు నిజం సెప్పి ఎళ్ళిపోతావు. నాను రేపు పొయ్యిలో ఏటి పెట్టుకోవాల?"

ఎవరూ నన్ను ఆ మాట అనలేదు ఇంతవరకు. గ్రంథం కూడా అనలేదు.

సంతకం పెట్టాను. అక్షరం గవరయ్య అక్షరం కంటే వంకరగా వచ్చింది.

మాఘం 20
పెట్టె చూపినది: వేకువన సున్నాకు కింద ఆరు. మధ్యాహ్నం దస్త్రంలో: తొమ్మిది

గవరయ్య చిన్నమ్మాయి పెళ్ళి అయింది. మగపెళ్ళివారు పందిట్లోంచి లేవలేదు. వణుకుతూ కూర్చున్నారు గాని లేవలేదు.

మెట్ల కార్యాలయం నుంచి అభినందన పత్రం వచ్చింది. పదకొండో మెట్టులో ముప్పై ఒక్క ఏళ్ళు బతికిన మొట్టమొదటి కొబ్బరి చెట్టు గుమ్మకోనలో ఉందట. 'ఈ గుమ్మకోన ఎర్ర పొట్టి కొబ్బరికి పీచు లేదు, చిప్ప లేదు, కత్తి అవసరం లేకుండా కొరుక్కు తినవచ్చు. కావున పదకొండో మెట్టులోని నలభై ఊళ్ళకూ దీని కొమ్మలు పంపవలెను.'

అసిరమ్మప్ప దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి నవ్వుతూ పాక గోడకు జారగిలబడిపోయింది.

చెట్టు ఇంకా నిద్రలోనే ఉంది, చిగురు వేయలేదు, కొమ్మలు కోయడానికి ఇదే వేళ. ముగ్గురం కూర్చుని నలభై కట్టలు కట్టాం. ఆమె పెనిమిటి తెచ్చినట్టే తడిగుడ్డలో చుట్టాం. ప్రతి కట్టకూ కార్యాలయం వారి చీటీ: కొబ్బరి.

62వ సంవత్సరం, పుష్యం 6
పెట్టె చూపినది: వేకువన సున్నాకు కింద తొమ్మిది

ఇది రెండో ఏడు. సగటు కట్టడానికి ఇంకా ఇరవై ఎనిమిది కావాలి.

మా ఊళ్ళో కుంపటి సేవ ఆగలేదు. మధ్యాహ్నానికి మార్చారు, అంతే. గవరయ్య భోజనం చేసి వచ్చే వేళకు నిప్పులు సిద్ధంగా ఉంటాయి. వేకువ పెట్టె మాత్రం మా ఇద్దరిది. ఎవరూ అడ్డు రారు, చలికి రారు. మేము చదివి ఈ పుస్తకంలో రాస్తున్నాం.

ఇవాళ పెట్టె దగ్గర కూర్చుని ఉండగా ఒక కొత్త మనిషి వచ్చాడు. రెండు కొండల అవతల దేవరపాడు అనే ఊరివాడు. పేరు ముత్యాలు. తలపాగాలో మంచు ఉంది. చుట్టూ చూసి, దగ్గరకు వచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పాడు.

"మీరు పంపిన కొబ్బరి మా ఊళ్ళో సిగురేసినాదండీ."

"మంచిది."

"అరవై ఏళ్ళలో మొదటిసారండీ ఒక మొక్క బతకడం. దానికి ఇంకా సలి కావాలేటండీ? మంచు పడితే బాగుంటన్నాది." ఆగాడు. "మా ఊరు నిజంగా పదకొండేనా అని నాకు అనుమానం. పైకి అనకండి."

"మీ పెట్టె ఏం చూపిస్తోంది?"

"ఎనిమిది, తొమ్మిది. కింద కుంపటి ఉంటాది గదండీ మరి."

"కుంపటి పెట్టమని మీకు ఎవరు చెప్పారు?"

"శానా ఊళ్ళలో పెడతారండీ. ఎప్పుడో గుమ్మకోన బోధకుడెవరో సెప్పినాడంట, పాదరసం మీద జాలి సూపించమని. గొప్ప మాటకారంట. మా ముసలోళ్ళు ఇప్పటికీ ఏడుస్తారు ఆ మాట తలుచుకుని."

గవరయ్య నా వంక చూడకుండా పాదరసం వంక చూశాడు.

నేను చెప్పలేదు ఆ బోధకుడు ఎవరో. చెప్పాల్సింది. రేపు చెబుతాను, అతని ఊళ్ళోనే, గంప ఎక్కి, ఆ ముసలివాళ్ళ ముందే చెబుతాను. గ్రంథం తీసుకువెళుతున్నాను, గవరయ్య భూతద్దం ఇచ్చాడు. నలభై ఊళ్ళు. నేను వెలిగించిన కుంపట్లు ఏ ఊరిలో ఉన్నా ఆ ఊరికి నడిచిపోయి, వేకువన పక్కకు లాగమని బతిమాలుకోవాలి. చలికాలానికి నాలుగైదు ఊళ్ళు తిరగగలను. నాకు యాభై ఏడు. లెక్క వేసుకున్నాను, వేసి ఊరుకున్నాను. నేను తిరిగి వచ్చేదాకా ఈ పుస్తకంలో గవరయ్య రాస్తాడు.

అసిరమ్మప్ప దారికి చోడి రొట్టెలు కట్టింది. వాటితోపాటు ఇంకో మూట చేతిలో పెట్టింది, ఊళ్ళోవాళ్ళు మాట వినకపోతే ముందు ఇవి పెట్టమంది.

పన్నెండు కొబ్బరికాయలు. ఎర్రగా, చల్లగా ఉన్నాయి.